మోకాలి మార్పిడికి ముందు కాలి ధమనుల స్కాన్ అందరికీ తప్పనిసరి చేయాలా?

కృష్ణాతీరం:
మా పెద్దనాన్నగారికి మోకాలి కీలు మార్చిన రాత్రే పాదం చల్లబడింది. మోకాలి వెనక ధమనిలో గడ్డ అడ్డుపడిందని తెల్లవారాక గుర్తించి, దానిని తీశారు. కాలు దక్కింది గాని పాదం పైకెత్తే శక్తి ఇంకా రాలేదు. ఆయనకు ఏళ్ల తరబడి షుగర్ ఉంది, చుట్ట అలవాటూ ఉంది. ఆపరేషన్‌కు ముందు గుండెకు ఎకో తీసినవారు కాలి రక్తనాళాల జోలికి వెళ్లలేదు. అందుకే ప్రతి రోగికీ ధమనుల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తప్పనిసరి చేయాలంటున్నాను.

ఎముకల వైద్యుడు:
మీ బాధ అర్థమవుతోంది. అయితే ప్రచురితమైన అధ్యయనాలలో చాలావాటి ప్రకారం, ఈ ఆపరేషన్‌లో ధమనికి కలిగే చిక్కులు వెయ్యి మందిలో ఇద్దరికి మించవు. అందరికీ స్కాన్ తీస్తే, ధమనుల్లో ఏ హానీ చేయని పూడికలు కూడా బయటపడి ఆపరేషన్లు అనవసరంగా వాయిదా పడతాయి. పాదం మీదా, చీలమండ లోపలి వైపునా నాడి చేతికి అందుతోందా అన్నది ముందు చూడాలి. అందకపోతే చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించి చూస్తాం; అది 0.9 కంటే తగ్గితే అప్పుడు స్కాన్.

కృష్ణాతీరం:
షుగర్ రోగుల ధమనులు సున్నం పేరుకుని గట్టిపడితే ఆ నిష్పత్తి మామూలుగానో, ఇంకా ఎక్కువగానో కనబడవచ్చు కదా? పైగా కాలికి రక్తం చాలినంత అందనివారికి నడిచినప్పుడు పిక్క పట్టేస్తుందంటారు. మోకాలి నొప్పితో వీధి చివరికైనా వెళ్లలేని మనిషికి ఆ లక్షణం బయటపడే అవకాశం ఏది?

ఎముకల వైద్యుడు:
రెండూ సరైన అభ్యంతరాలే. అలాంటివారికి కాలి బొటనవేలి రక్తపోటు చూడాలి, స్కాన్ కూడా తీయాలి. అంటే షుగర్, పొగ అలవాటు, మూత్రపిండాల జబ్బు, పాత బైపాస్ ఉన్నవారికి మీ వాదనను ఒప్పుకుంటాను. మిగిలిన అందరికీ ఒప్పుకోను.

మత్తు విభాగం:
చర్చ అంతా ఆపరేషన్‌కు ముందు సంగతుల మీదే నడుస్తోంది. రక్తం కారకుండా తొడకు బిగించే పట్టీ, అంటే టోర్నికే, ఒత్తిడికి గట్టిపడిన పూడిక పగిలి గడ్డకట్టవచ్చు. టోర్నికే వాడకపోయినా, ఏళ్లుగా వంగిపోయిన మోకాలిని చాచినప్పుడు ధమని సాగి దెబ్బతినవచ్చు. ముందు తీసిన స్కాన్ ఎంత బాగున్నా ఇవి జరగవని హామీ లేదు. మేమిచ్చే నరాల బ్లాక్ వల్ల కాలికి నొప్పి తెలియదు, వేళ్లు కదలకపోయినా మత్తు ఇంకా దిగలేదనుకుంటారు, దళసరి కట్టు కింద చర్మం రంగు కనబడదు. మరో పొరపాటు కూడా చూశాను: సిరల్లో గడ్డ ఉందేమోనని సిరల డాప్లర్ మాత్రమే తీయించి, అది బాగుందని ఊరుకున్నారు. సిర మూసుకుంటే కాలు సాధారణంగా వాచి వెచ్చబడుతుంది. ధమని మూసుకుంటే పాలిపోయి చల్లబడుతుంది. రక్తం అందని కండరానికి సుమారు 6 గంటలే గడువు. టోర్నికే వదిలిన వెంటనే ఒకసారి, ఆ రాత్రంతా గంటగంటకూ పాదం నాడి చూసి రాయడం నా దృష్టిలో స్కాన్ కంటే ముఖ్యం.

కృష్ణాతీరం:
ఆ రాత్రి మా పెద్దనాన్నగారి కేస్ షీట్‌లో బీపీ, జ్వరం, డ్రెయిన్‌లో వచ్చిన రక్తం అన్నీ ఉన్నాయి. పాదం నాడికి గడి కూడా లేదు. స్కాన్ ఎవరికన్న వాదన ఎటు తేలినా, ముందు చూసిన నాడి సమ్మతి పత్రంలోనూ, తరువాత చూసినది కేస్ షీట్‌లోనూ తప్పక నమోదు కావాలి. దీనికి మీ ఇద్దరిలో ఎవరికైనా అభ్యంతరం ఉందా?

ఎముకల వైద్యుడు:
కేస్ షీట్‌కు లేదు. సమ్మతి పత్రంలో నాడి వివరం కంటే, కాలు పోయే ప్రమాదం ఉందన్న మాట తెలుగులో సూటిగా ఉండాలంటాను.