రొయ్యలు, లేసు, ఐఐఎఫ్‌టీ, బడులు: ఎంపీ గారి చేత పార్లమెంటులో ప్రశ్న వేయించాలంటే ఎలా రాసివ్వాలి?

కాలువగట్టు (భీమవరం దగ్గర)

నమస్కారమండీ. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో మన ఎంపీ గారి చేత ఒక ప్రశ్న వేయిద్దామని మా రైతు సంఘం అనుకుంటోంది. ఆఫీసులో అడిగితే రాసివ్వమన్నారు. మేం రాసుకున్నది ఇది:

"అమెరికా సుంకాల వల్ల గోదావరి జిల్లాల రొయ్య రైతులు ఘోరంగా నష్టపోతున్న విషయం ప్రభుత్వానికి తెలుసా? కరెంటు, మేత ధరలు తగ్గించడానికి, నరసాపురం లేసు పనివాళ్లను ఆదుకోవడానికి, కాకినాడ ఐఐఎఫ్‌టీకి (విదేశీ వాణిజ్యం నేర్పే కేంద్ర సంస్థ) సొంత భవనాలు కట్టడానికి, పల్లెల్లో మూతపడుతున్న బడులను కాపాడటానికి ఏం చర్యలు తీసుకుంటున్నారు?"

దీన్ని వాణిజ్య మంత్రికి పంపాలా, విద్యా మంత్రికా? స్టార్డ్ ప్రశ్నగా (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేది) వేయించాలా, రాతలో జవాబిచ్చే అన్‌స్టార్డా? ఇలాంటి ప్రశ్నలకు "పలు చర్యలు తీసుకుంటున్నాం" అని నాలుగు లైన్ల జవాబు వస్తుంటే చూస్తున్నాం. అంకెలతో జవాబు రావాలంటే ఎలా రాయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ధవళేశ్వరం లాకు

మీ ముసాయిదాలో ఒక ప్రశ్న కాదండీ, ఐదు ఉన్నాయి. ఐదూ ఒకే గుమ్మంలోకి వెళ్లేవి కావు.

రొయ్యల ఎగుమతి కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా 1972 నాటి చట్టంతో ఏర్పడి ఆ శాఖ కిందే ఉంది. రొయ్య చెరువులో ఉన్నంతసేపూ మాత్రం అది మత్స్య, పశుసంవర్ధక, పాడి శాఖ వ్యవహారం. హేచరీలు, కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్లు అన్నీ అక్కడే. ఆక్వా కరెంటు యూనిట్ ధర, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) వారీ కొనుగోలు ధర రాష్ట్రానివి. వీటిని ఢిల్లీలో అడిగితే రాష్ట్ర పరిధి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, మీ ప్రశ్న ఖర్చయిపోతుంది.

లేసు అల్లే ఆడవాళ్ల గుర్తింపు కార్డులు, శిక్షణ, మార్కెటింగ్ సాయం జౌళి శాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ చూస్తారు. లేసు మీద జీఎస్టీ గురించయితే ఆర్థిక శాఖ. జీఐ (భౌగోళిక) గుర్తింపు గురించయితే మళ్లీ వాణిజ్య శాఖ. కోనసీమ వాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి చెబుతున్నా: ఎండుకొబ్బరి మద్దతు ధర వ్యవసాయ శాఖది, కొబ్బరి పీచు ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖది. ఒకే కాయలోంచి వచ్చినా జవాబు చెప్పే మంత్రులు వేరు.

ఐఐఎఫ్‌టీ దగ్గర చాలామంది పొరబడతారు. చదువుల సంస్థ కదా అని విద్యా శాఖకు రాస్తారు. అది వాణిజ్య శాఖ సంస్థ. కాకినాడ ప్రాంగణం 2022లో జేఎన్‌టీయూకేలో మొదలైంది, ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ మేనేజ్‌మెంట్ కోర్సు నడుస్తోంది. భవనాల సంగతి, సీట్ల సంగతి అడగాల్సింది వాణిజ్య మంత్రినే. తాడేపల్లిగూడెం నిట్ అయితే విద్యా శాఖకు వెళ్తుంది.

శాఖ తప్పు రాస్తే పార్లమెంటు సచివాలయం సరైన శాఖకు మార్చవచ్చు. కానీ లోక్‌సభలో మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులు చేసి వారంలో ఒక్కో గుంపుకు ఒక్కో రోజు కేటాయిస్తారు. శాఖ మారితే రోజూ మారుతుంది. సమావేశాల ఆఖరి వారంలో అలా జరిగితే ప్రశ్న ఇక రానట్టే. ఏ శాఖకు ఏ రోజో సమావేశాల ముందు ఇచ్చే పట్టికలో చూసి, ఆ తేదీకే నోటీసు ఇప్పించండి.

కొలతలు ఇవీ. నోటీసుకు పదిహేను పూర్తి రోజుల గడువు ఉండాలి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఇవ్వాలి. ఒక రోజుకు ఒక ఎంపీ ఐదు నోటీసుల వరకే ఇవ్వగలరు, స్టార్డ్ జాబితాలో ఒక్కటే పడుతుంది. సభ మొత్తానికి రోజుకు 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్. ఎవరిది ముందో లాటరీ తేలుస్తుంది.

ఇక భాష. "ఘోరంగా నష్టపోతున్న" అన్నది తీసేయండి. వాదన, విశేషణం, ఆరోపణ ఉంటే నిబంధనల ప్రకారం తిరస్కరించవచ్చు. మంత్రి అభిప్రాయం అడగకూడదు, "ఒకవేళ ఇలా అయితే" అని అడగకూడదు. అన్నిటికంటే చేటు చేసేది "ఏం చర్యలు తీసుకుంటున్నారు" అన్న మాట. ఆ మాట కనబడితే శాఖ వాళ్ల దగ్గర ఉన్న పథకాల జాబితా తీసి అంటించేస్తారు. మీరు చూసిన నాలుగు లైన్ల జవాబు పుట్టేది అక్కడే. చర్య పేరు మీరే రాసి, దాని కింద ఎన్ని దరఖాస్తులు, ఎన్ని మంజూరు, ఎంత సొమ్ము ఇచ్చారు అని అడగండి. తప్పించుకునే దారి చాలా తగ్గిపోతుంది.

పాలకొల్లు బడి

బడుల ప్రశ్న పార్లమెంటులోంచి తీసేసి అసెంబ్లీకో శాసన మండలికో తెచ్చుకోండి. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగలవి) వచ్చిన మాట నిజమే గానీ, ఏ బడి ఉంచాలి, ఏది కలపాలి, టీచరును ఎక్కడ వేయాలి అన్నవి రాష్ట్రమే చూసుకుంటుంది. మండలిలో మనకు ఉభయ గోదావరి జిల్లాల ఉపాధ్యాయ, పట్టభద్రుల నియోజకవర్గాల ఎమ్మెల్సీలు ఉన్నారు. బడి ప్రశ్నకు అంతకంటే దగ్గర దారి లేదు.

అక్కడ ప్రశ్న రాసే తీరు వేరు. "(అ) ఫలానా విషయం వాస్తవమేనా, (ఆ) అయితే, ఆ వివరాలేమిటి" అని నడుస్తుంది. మొదటి భాగంలో ఒక్క మాట తేడా పడితే మొత్తం పోతుంది. "మా మండలంలో ప్రాథమిక పాఠశాలలు మూసివేసిన విషయం వాస్తవమేనా" అని రాశారనుకోండి. ప్రభుత్వ కాగితాల్లో అది మూసివేత కాదు, విలీనం. జవాబు ఇలా వస్తుంది:

(అ) లేదండి.
(ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

అంతే, అయిపోయింది. పిల్లలు మాత్రం రేవు దాటో, కాలువ గట్టు మీద నడిచో పక్క ఊరి బడికి వెళ్తూనే ఉంటారు. అందుకే మూసివేత, విలీనం, సర్దుబాటు, తరగతుల తరలింపు అన్నీ ఒకే వాక్యంలో పెట్టండి. బడిని పేరుతో కాకుండా ప్రతి బడికీ విడిగా ఉండే పదకొండు అంకెల యూడైస్ కోడ్‌తో రాయండి. ఒకే ఊళ్లో మెయిన్, హరిజనవాడ, పేట అని మూడు బడులుంటే పేర్లు కలిసిపోయి జవాబు తారుమారవుతుంది.

కేంద్ర విద్యా మంత్రిని అడగదగ్గది డబ్బు. సమగ్ర శిక్షా, మధ్యాహ్న భోజనం రెండిటిలోనూ మన రాష్ట్రానికి కేంద్ర వాటా 60, రాష్ట్ర వాటా 40. అడిగేటప్పుడు ఆమోదించినది, విడుదల చేసినది, ఖర్చయినది అని మూడూ విడివిడిగా, ఏడాది వారీగా అడగాలి. "ఎంత కేటాయించారు" అని ఊరుకుంటే మూడిట్లో పెద్ద అంకె ఒక్కటే వస్తుంది.

నోటీసు పలక

పైవాళ్లిద్దరూ చెప్పింది సరైనదే. జవాబు వచ్చాక చేయాల్సిన పని కూడా ఉంది. చాలామంది అక్కడే వదిలేస్తారు.

స్టార్డ్‌కీ అన్‌స్టార్డ్‌కీ అసలు తేడా సప్లిమెంటరీ. స్టార్డ్ ప్రశ్న సభలో పిలుపుకు వస్తే అడిగిన ఎంపీ రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, మంత్రి నిలబడి చెప్పాలి. గంటలో ఇరవై ప్రశ్నలూ పూర్తికావడం అరుదు. పిలుపు రానివాటికి రాతపూర్వక జవాబే మిగులుతుంది. అంకెలు మాత్రమే కావాలంటే అన్‌స్టార్డ్ చాలు. మంత్రి చేత మాట ఇప్పించాలంటే స్టార్డ్‌కి ప్రయత్నించండి. అప్పుడు రెండు సప్లిమెంటరీలు ముందే రాసి ఎంపీ గారి చేతికి ఇవ్వాలి, ఒక్కోటి రెండు వాక్యాలు మించకుండా. పెద్ద ఉపన్యాసం మొదలుపెడితే స్పీకర్ ప్రశ్న అడగమంటారు, సమయం పోతుంది.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం", "విషయం పరిశీలనలో ఉంది" అని జవాబు వస్తే నిరాశ పడకండి. అలాంటి మాటలను ప్రభుత్వ హామీగా లెక్కిస్తారు. హామీల కమిటీ దాన్ని పట్టుకుంటుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. గడువు దాటితే కమిటీకి ఉత్తరం రాయమని ఎంపీ గారిని గుర్తుచేయాల్సింది మీరే. "అటువంటి ప్రతిపాదన ఏదీ లేదు" అంటే మాత్రం హామీ లేనట్టే, ఇంకో కోణంలో కొత్త ప్రశ్న వేయాలి.

జవాబులో వాస్తవాలు అరకొరగా ఉంటే అరగంట చర్చకు నోటీసు ఇవ్వొచ్చు, మూడు రోజుల ముందు. అన్‌స్టార్డ్ జవాబు మీద కూడా అడగొచ్చు.

రాజ్యసభ ఎంపీ ద్వారా వెళ్లే దారీ ఉంది. అక్కడ ప్రశ్నల గంట మధ్యాహ్నం 12కి, రోజుకు 15 స్టార్డ్, 160 అన్‌స్టార్డ్. ఒకే విషయం రెండు సభల్లో వేరే వేరే ముక్కలుగా అడిగించి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చదివితే తేడాలు కనబడతాయి.

కాలువగట్టు

ఆయ్, ఇప్పుడు అర్థమైందండీ. కరెంటు, బడులు రాష్ట్రానికి వదిలేశాం, మేత సంగతి పక్కన పెట్టాం. లేసుది జౌళి శాఖకు విడిగా రాస్తాం. ఐఐఎఫ్‌టీ కూడా విడి ప్రశ్నే. వాణిజ్య శాఖకు రొయ్యల మీద ఇలా రాశాం, చూడండి:

(ఎ) 2023-24 నుంచి అమెరికాకు ఎగుమతైన గడ్డకట్టించిన రొయ్యల (సరుకును గుర్తించే హెచ్ఎస్ కోడ్ 030617) పరిమాణం, విలువ ఏడాది వారీగా ఎంత;
(బి) అందులో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల వాటా ఎంత;
(సి) కేంద్రం 25,060 కోట్ల ఎగుమతి ప్రోత్సాహక మిషన్ కింద సముద్ర ఉత్పత్తుల ఎగుమతిదారుల నుంచి వచ్చిన దరఖాస్తులు, మంజూరైనవి, ఇచ్చిన మొత్తం ఎంత;
(డి) ఆ సాయంలో కొంత చెరువు రైతుకు కొనుగోలు ధర రూపంలో చేరాలన్న షరతు ఏదైనా ఉందా, లేకపోతే కారణాలేమిటి?

ధవళేశ్వరం లాకు

ముందటికంటే ఎంతో మెరుగు. (డి) బాగా కుదిరింది, దాన్ని కదపకండి. 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎగుమతిదారుడి పేరు మీద సాయం అన్నారు గానీ, కౌంటు ధర పడిపోయిన రైతు పేరు కాగితం మీద ఎక్కడా కనబడదు. మంత్రి జవాబులో రైతు అన్న మాట రావాలంటే అది ప్రశ్నలో ఉండాలి.

(ఎ) తీసేయండి. ఆ అంకెలు వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో కోడ్ కొడితే దేశం వారీగా వస్తాయి. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం అడిగారని ప్రశ్న మొత్తాన్నే పక్కన పెట్టే వీలుంది. మీరే దింపుకుని, ఒక పేజీగా ఎంపీ గారికి సప్లిమెంటరీ కోసం ఇవ్వండి.

(బి)లో రెండు చిక్కులున్నాయి. ఎగుమతి లెక్క జిల్లా వారీగా ఉంచరు, "జిల్లాల వారీ వివరాలు నిర్వహించడం లేదు" అని వచ్చేస్తుంది. మన సరుకు ఎక్కువగా విశాఖ పోర్టు మీదుగా పోతుంది కాబట్టి పోర్టు వారీగా అడగండి. రెండోది, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. భీమవరం కేంద్రంగా ఇప్పుడున్న పశ్చిమ గోదావరి పాత పశ్చిమ గోదావరి కాదు, పాత తూర్పు గోదావరిలోని అమలాపురం వైపంతా కోనసీమ జిల్లా అయింది. పాత ఏళ్ల అంకెలు, కొత్త ఏళ్ల అంకెలు పక్కన పెడితే ఉత్పత్తి సగానికి పడిపోయినట్టు కనబడుతుంది. లేసు ప్రశ్నలో కూడా ఇది చూసుకోండి, అక్కడ జిల్లా వారీ కార్డుల లెక్క అడుగుతారు కదా. 2022కి ముందు ఏళ్లకు "ఉమ్మడి జిల్లా" అని స్పష్టంగా రాయండి.

పదిహేను రోజులు లెక్కపెట్టేటప్పుడు నోటీసు ఇచ్చిన రోజు, జవాబు రోజు రెండూ కలపకూడదు. ఇంగ్లీషులోకి మార్చడానికి, ఎంపీ గారి సంతకానికి ఇంకో వారం వేసుకుని రాసివ్వండి.