కాంచనబురి నుంచి నామ్ టోక్ దాకా ‘మృత్యు రైలు’: వెళ్లొచ్చినవారు చెప్పండి

బెజవాడ_సంచారి:
డిసెంబరులో అమ్మను తీసుకుని బ్యాంకాక్ వెళ్తున్నాను. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం యుద్ధ ఖైదీలతో, ఆసియా కూలీలతో కట్టించిన ‘మృత్యు రైలు’ లైను మీద, అక్కడి థోన్‌బురి స్టేషన్ నుంచి కాంచనబురి మీదుగా నామ్ టోక్ వెళ్లే రైలు ఎక్కాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఒక్క రోజులో వెళ్లిరావచ్చా, రాత్రి అక్కడ ఉండాలా? టికెట్టు ముందే కొనాలా? ఏ వైపు కూర్చుంటే నది కనిపిస్తుంది? ఆ లైను కోసం కొండను తొలిచిన హెల్‌ఫైర్ పాస్ దగ్గర మెట్లు అమ్మ దిగగలదా? ఆమె భోజనం సంగతి ఏం చేయాలి?

పప్పుచారు:
ఒక్క రోజులో మాత్రం వద్దు. నేను ఆ పని చేసి చెంపలు వేసుకున్నాను. బ్యాంకాక్‌లో ఒక టూరు వాళ్ల వ్యాను ఎక్కాం. నీళ్ల మీద బజారులో రెండు గంటలు, వాళ్లకు తెలిసిన కొబ్బరి చక్కెర దుకాణంలో ముప్పావు గంట, క్వాయ్ నది వంతెన దగ్గర సరిగ్గా ఇరవై నిమిషాలు. రైలు అంటే మూడు స్టేషన్లు ఎక్కించి దించేశారు. పట్టాల కింద పరిచే ప్రతి స్లీపరు దిమ్మకూ ఒక ప్రాణం పోయిన దారి అది, దాన్ని అంత హడావిడిగా చూడటం నాకైతే పాపం అనిపించింది.

మీటర్‌గేజ్:
రైల్వేలో 34 ఏళ్లు పట్టాల నిర్వహణలోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొన్ని పొరపాట్లు దిద్దుతాను. రైలు థోన్‌బురి నుంచి ఉదయం ఎనిమిది కాకముందే బయలుదేరుతుంది. అన్నీ మూడో తరగతి బోగీలు, ఫ్యాన్లు, తెరిచిన కిటికీలు. సీట్లకు రిజర్వేషన్ లేదు, స్టేషన్‌లో అప్పటికప్పుడు కొనుక్కోవడమే, విదేశీయులకు 100 బాట్లు. పన్నెండున్నర ప్రాంతంలో నామ్ టోక్ చేరుతుంది, కాసేపటికే వెనక్కి ఒక రైలు ఉంటుంది. అంటే ఒక్క రోజులో వెళ్లిరావచ్చు, కానీ హెల్‌ఫైర్ పాస్ ఆశ వదులుకోవాలి.

ఇక ‘ప్రతి స్లీపరుకు ఒక ప్రాణం’ అనే మాట. అందరూ చిలక పలుకుల్లా చెబుతారు. థాయిలాండ్‌లోని నోంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయాత్ దాకా లైను 415 కిలోమీటర్లు. కిలోమీటరుకు 1,400 స్లీపర్లు వేసుకున్నా 5 లక్షల 80 వేలు. పోయినవాళ్లు లక్ష పైచిలుకు. ఐదారు స్లీపర్లకు ఒకరు అవుతారు. లెక్క లెక్కే.

పెనాంగ్_తెలుగు:
మీటర్‌గేజ్ గారూ, మీ లెక్కలో మా పెదతాత ఎన్నో స్లీపరు?

మా తాతగారి అన్న మలయాలోని పెరాక్‌లో బాగాన్ దాతో దగ్గర కొబ్బరి తోటలో కూలి. శ్రీకాకుళం వైపు నుంచి కూలీలను కుదిర్చే కంగాణీ వెంట ఓడెక్కి వచ్చిన కుటుంబం మాది. 1943లో జపాను వాళ్లు తోటకు వచ్చి, మూడు నెలల పని, రోజుకు ఒక డాలరు అన్నారు. మూసిన గూడ్సు పెట్టెల్లో రోజుల తరబడి ప్రయాణం, థాయిలాండ్‌లోని బాన్ పోంగ్‌లో దించి అడవిలోకి నడక. ఇదంతా తిరిగొచ్చిన ఒక్క మనిషి చెబితే మాకు తెలిసింది. పెదతాత రాలేదు. ఆయన భార్య చనిపోయేదాకా నల్లపూసలు తీయలేదట. మీరు 1,400తో గుణిస్తున్నారు.

మీటర్‌గేజ్:
అమ్మా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. తప్పుడు మాట చలామణిలో ఉంటే అసలు అంకెను ఎవరూ నమ్మరు. యుద్ధ ఖైదీలు 60 వేల పైన, అందులో చనిపోయినవాళ్లు 12 వేల పైన. ఆసియా కూలీలు రెండు లక్షల దాకా ఉంటారు, వాళ్లలో సుమారు 90 వేల మంది చనిపోయారు. ఇది చెబితే చాలదా? స్లీపరు కథ ఎందుకు?

పప్పుచారు:
ఆ మాట అన్నది నేను. అది సామెతలాంటిది, దాన్ని తూకం వేసి చూస్తారా ఎవరైనా? ‘కడుపు నిండా ఏడ్చింది’ అంటే ఎన్ని లీటర్లు అని అడుగుతారేమో మీరు.

మీటర్‌గేజ్:
అడగను. కానీ పట్టాల సంగతి మాట్లాడేటప్పుడు పట్టాలు తెలిసినవాడి మాట వింటే నష్టం లేదు.

కాఫీగింజ:
మీరు కొట్టుకుంటూ ఉండండి, నేను ఒక విషయం చెబుతాను. అందరూ ‘క్వాయ్ నది’ అంటారు కదా, అక్కడ మాత్రం అలా అనకండి. థాయిలో ఖ్వాయ్ అంటే గేదె. నది పేరు ఖ్వే, అంటే ఉపనది. ‘క్వాయ్ ఎక్కడ?’ అని అడిగితే మా ఆటో ఆయన పగలబడి నవ్వి పొలం వైపు చూపించాడు.

తిరుగుబోతు_తాత:
ఇంకో విశేషం. వంతెన కట్టినప్పుడు దాని కింది నది పేరు ఖ్వే కూడా కాదు, మే క్లోంగ్. ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ అనే ఇంగ్లీషు సినిమా వచ్చాక జనం వచ్చి ‘క్వాయ్ మీది వంతెన ఏది’ అని అడగడం మొదలుపెట్టారు. దాంతో 1960లో ఆ నది పై భాగానికి ఖ్వే యై అని పేరు మార్చారు. సినిమా తీసింది కూడా థాయిలాండ్‌లో కాదు, శ్రీలంకలోని కితుల్‌గలలో. రైలు ఆ తర్వాత పట్టుకుని వెళ్లేది ఖ్వే నోయి ఒడ్డు, చిన్న ఉపనది.

కాఫీగింజ:
అంటే నేను గేదె అన్నా తప్పు, ఉపనది అన్నా తప్పేనా?

బెజవాడ_సంచారి:
అందరికీ ధన్యవాదాలు. ఇంతకీ ఏ వైపు కూర్చోవాలి? అమ్మ భోజనం?

మీటర్‌గేజ్:
వంతెన ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఉక్కు వంతెన నకిలీ అని చాలామంది రాస్తున్నారు, తప్పు. వంపు తిరిగిన గర్డర్లు అసలువే, జపాను సైన్యం జావా నుంచి తెప్పించింది. నడుమ వంపు లేకుండా నేరుగా ఉన్న రెండు మాత్రం యుద్ధం తర్వాత వేసినవి, బాంబులకు కూలిన చోట. పక్కనే ఒక చెక్క వంతెన కూడా ఉండేది. ఈ లైను పట్టాల్లో చాలా భాగం కొత్తవి కావు, మలయా తూర్పు తీరపు లైను ఊడదీసి, బర్మాలోవి కొన్ని ఊడదీసి తెచ్చి ఇక్కడ వేశారు. అంత వేగంగా అవడానికి అదీ ఒక కారణం. 1943 అక్టోబరు 17న రెండు వైపుల పట్టాలు కలిశాయి.

పెనాంగ్_తెలుగు:
పట్టాల్నీ మలయా నుంచే ఊడదీశారు, మనుషుల్నీ అక్కడి నుంచే.

నల్లగొండ_నడక:
హెల్‌ఫైర్ పాస్ గురించి అడిగినది ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను చెబుతాను. నామ్ టోక్ నుంచి 323 నంబరు రోడ్డు మీద ఇంకా 18 కిలోమీటర్ల దాకా వెళ్లాలి, రైలు అక్కడికి పోదు. నామ్ టోక్ దగ్గర జలపాతం చూసేసి వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే మ్యూజియం, ప్రవేశం ఉచితం. అక్కడి నుంచి కిందికి మెట్లు చాలానే ఉన్నాయి, అమ్మగారి మోకాళ్లకు మంచిది కాదు. భవనం వెనక చెక్క వసారా మీద కూర్చుంటే లోయ మొత్తం కనిపిస్తుంది, ఆమెను అక్కడ కూర్చోబెట్టి మీరు దిగండి.

కిందికి దిగితే రెండు వైపులా రాతి గోడలు. ఒక మనిషి ఉలి పట్టుకుంటే మరొకడు సమ్మెటతో కొట్టేవాడు. రంధ్రం చాలినంత లోతు అయ్యాక మందు పెట్టి పేల్చేవారు. గోడకు వేలు పెట్టి చూస్తే ఆ రంధ్రాల సగభాగాలు ఇప్పటికీ నిలువుగా దొరుకుతాయి. ఒకచోట విరిగిన ఉలి ముక్క రాతిలోనే తుప్పు పట్టి ఉండిపోయింది. నేను దాన్ని ముట్టుకుని వెంటనే చెయ్యి తీసేశాను, ఎందుకో తెలియదు. రాత్రిళ్లు కాగడాల వెలుగులో పని చేయించారట, ఆ పేరు అందుకే వచ్చింది.

విజిల్:
ఏప్రిల్ 25న తెల్లవారుజామున అక్కడ ఆస్ట్రేలియా వాళ్ల సంస్మరణ జరుగుతుంది. ఈ లైను మీద ఖైదీగా ఉన్న డాక్టర్ డన్‌లప్ అనే వారి సర్జన్ గురించి ఆ దేశంలో చదవనివారు లేరు. మన కూలీల శిబిరాల్లో డాక్టర్లు దాదాపు లేనట్టే. 1943 వానాకాలంలో కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే తుడిచిపెట్టుకుపోయాయి. కాంచనబురిలోని సైనికుల శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులు, చక్కగా కత్తిరించిన గడ్డి, పేరు, వయసు. కూలీలకు?

పెనాంగ్_తెలుగు:
ఆ శ్మశానం గేటు దగ్గరి భవనంలో ఒక ఫలకం ఉంది. అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు ఉన్నాయి. మావాళ్లు సైనికులు కారు కాబట్టి అక్కడా లేరు. 1990లో కాంచనబురిలో తవ్వకంలో ఒక సామూహిక సమాధి బయటపడింది, వందలాది అస్థిపంజరాలు. వాళ్లంతా తమిళులు అని పత్రికలు రాశాయి. తోటల్లో అందరినీ తమిళులనే రాసేవారు, తెలుగువాళ్లనూ అంతే.

చోళమండలం:
ఇది అన్యాయం. చనిపోయినవాళ్లలో అత్యధికులు తమిళులే, దాన్ని తక్కువ చేయకండి. ఇప్పుడు అందులోనూ వాటా పంచుకోవాలా?

పెనాంగ్_తెలుగు:
వాటా కాదండి. మా ఇంటి మనిషి ఒక్కడిని అడుగుతున్నాను. మా పక్కింటి తమిళ కుటుంబం నుంచి ఇద్దరు పోయారు, మూడు తరాలుగా మేము కలిసే కర్మలు చేస్తున్నాం.

చోళమండలం:
సరే. తొందరపడ్డాను.

పప్పుచారు:
వీసా ఉచితమేనా ఇప్పుడు? నాకు మళ్లీ వెళ్లాలని ఉంది.

నిర్వాహకుడు:
వీసా ప్రశ్నలకు వేరే చర్చ ఉంది. ఇక్కడ వద్దు.

తిరుగుబోతు_తాత:
భోజనం గురించి: ‘జే’ అని అడగండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో ఉంటుంది. జే అంటే మాంసం, గుడ్డు, చేప సాసు మాత్రమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మీ అమ్మగారికి సరిగ్గా సరిపోతుంది. ‘మంగ్సవిరత్’ అంటే మాత్రం గుడ్డు వేస్తారు, జాగ్రత్త. రైల్లో అమ్మేవాటిలో ఏముందో అర్థం కాదు. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి, నేను అదే చేశాను, ఎదురు సీటు థాయి పెద్దావిడ కూడా రెండు ముద్దలు తిని చింతపండు అని గుర్తుపట్టింది.

కాఫీగింజ:
నా అభిప్రాయంలో అసలు సంగతి నామ్ టోక్ దారిలో వచ్చే థామ్ క్రసే. ఒక వైపు కొండ, మరో వైపు కింద నది, మధ్యలో చెక్క దూలాల మీద రైలు మనిషి నడక వేగానికి తగ్గిపోతుంది. దూలాలు మూలుగుతాయి. కొండ వైపు చెయ్యి బయట పెడితే రాయి తగులుతుంది, పెట్టకండి. ఫోటోల కోసం అందరూ ఒకే వైపు ఎగబడితే బోగీ ఒరిగిపోతుందేమో అని మా అత్తయ్య గోవింద నామాలు మొదలుపెట్టింది.

మీటర్‌గేజ్:
ఒరగదు.

పెనాంగ్_తెలుగు:
సంచారి గారూ, వీలైతే ఒక సాయం. సైనికుల శ్మశానానికి దగ్గరలోనే వాట్ థావోర్న్ అనే గుడి ఉంది. కూలీల అస్థికల మీద కట్టిన స్తూపం అక్కడ ఉంది. టూరు వ్యాన్లు ఆగవు. రెండు పూలు పెట్టి రండి. పేరు చెప్పాల్సిన పని లేదు.

బెజవాడ_సంచారి:
తప్పకుండా అండి. ఒక రాత్రి కాంచనబురిలో ఉండేలా టికెట్లు మార్చుకున్నాను. గుడికి పొద్దున్నే వెళ్తాం. ఇంతకీ, ఏ వైపు?

నల్లగొండ_నడక:
ఎడమ వైపు.

మీటర్‌గేజ్:
వెళ్లేటప్పుడు ఎడమ. తిరిగి వచ్చేటప్పుడు కుడి. ఇది కూడా నేనే చెప్పాలా?