ఆకురాయి జారిపోతోంది, కత్తి వాలు చదునుగా రావట్లేదు. ఏం చేయాలి?

కొత్త_కొలిమి:
అందరికీ నమస్కారం. వంటింట్లోకి ఒక కూరగాయల కత్తి నా చేత్తో చేసుకుందామని మొదలుపెట్టాను. పాత ఇనుము కొట్టులో లారీ కమాను పట్టీ ముక్క దొరికితే, మా ఊళ్ళో కొలిమి ఆయనతో కొట్టించి 4 మి.మీ. మందానికి తెచ్చుకుని, గ్రైండర్‌తో కత్తి ఆకారానికి కోశాను. ఇక్కడి నుంచి అంతా ఆకురాయితోనే చేయాలని ఉంది, ఎందుకంటే ఉండేది అద్దె ఇల్లు, బాల్కనీలో ఒక వైస్ బిగించుకున్నాను, అంతకుమించి చోటు లేదు. సమస్య ఏంటంటే కొన్నిచోట్ల ఆకురాయి అసలు పట్టకుండా కీచుమంటూ జారిపోతోంది. పట్టిన చోటేమో వాలు, అంటే వెన్ను నుంచి అంచుకి పలచబడుతూ వచ్చే పక్క, చదునుగా రాక మధ్యలో పొట్టలా ఉబ్బుతోంది. ఆకురాయి కొత్తదే, 12 అంగుళాలది.

ఉక్కు_పిచ్చి:
జారుతోందంటే అక్కడ ఉక్కు గట్టిపడి ఉందని అర్థం. కమాను ఉక్కు కొట్టాక గాలికి చల్లారినా ఎంతో కొంత గట్టిపడుతుంది, ఆయన చివర్లో నీళ్ళలో ముంచి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గ్రైండర్‌తో కోసిన అంచు నీలంగా మాడిన చోట కూడా అంతే. దాన్ని అలాగే రాకితే ఉక్కు తగ్గదు, ఆకురాయి పళ్ళు పోతాయి. మళ్ళీ కొలిమికి తీసుకెళ్ళి అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్పించండి, ఆ స్థితి దాదాపు 770 డిగ్రీల దగ్గర వస్తుంది, ఇంకొంచెం వేడెక్కనిచ్చి పొడి బూడిదలో పూర్తిగా కప్పేసి మర్నాటిదాకా కదపకండి. మెత్తబడుతుంది. పైన నల్లటి పెచ్చు కడుతుంది కదా, అదీ ఆకురాయికి శత్రువే. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దేస్తే పోతుంది.

ఇంకో మాట, పాత కమాను పట్టీల్లో కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు. తర్వాతి కత్తికి కొత్త పట్టీ కొనుక్కోండి.

స్పీడ్_గ్రైండ్:
బ్రో, ఇంత కష్టం ఎందుకు, తెలిసినవాళ్ళ వర్క్‌షాప్‌లో బెల్ట్ గ్రైండర్ మీద అరగంట పని.

ఫిట్టర్_అన్న:
తమ్ముడూ, నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాను, మాకు మొదట్లో పనంతా ఆకురాయితోనే. గ్రైండర్ తప్పని అనను, కానీ చేయి కుదరనివాడి దగ్గర అది ఒక్క సెకనులో ఎక్కువ తినేస్తుంది, పోయిన ఉక్కు తిరిగి రాదు. ఆకురాయితో అలా కాదు, ప్రతి తోపుకీ ఏం పోయిందో చూసుకుంటూ వెళ్ళొచ్చు. అందుకే మొదటి కత్తికి ఇదే మంచిదని గట్టిగా నమ్ముతాను.

పొట్ట ఎందుకు వస్తోందంటే తోసేటప్పుడు ఆకురాయి ఊయలూగుతోంది. వైస్ దవడలు మీ మోచేతి ఎత్తులో ఉండాలి. కత్తిని గాలిలో పట్టించకుండా చెక్కపలక మీద క్లాంపుతో బిగించి, ఆ పలకని వైస్‌లో పెట్టండి. మణికట్టు కదలకూడదు, ఒళ్ళంతా ముందుకు వెళ్ళాలి. ముందుకు తోసేటప్పుడే బరువు వేయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. వెనక్కి కూడా ఒత్తి లాగితే పళ్ళు మొద్దుబారతాయి. పళ్ళకి సుద్దముక్క రుద్దితే రజను ఇరుక్కోదు.

ఇక వాలు. ముందు అంచు మందం మీద మార్కర్ పూసి, సరిగ్గా మధ్యలో 1 మి.మీ. ఎడంతో రెండు గీతలు గీయండి. మొదట 45 డిగ్రీల్లో రెండు వైపులా ఆ గీతలదాకా రాకండి. తర్వాత కోణం తగ్గించుకుంటూ కొద్దికొద్దిగా వెన్ను వైపు జరపండి. మధ్యమధ్య మార్కర్ మళ్ళీ పూయండి, రంగు ఎక్కడ మిగిలిందో అక్కడ ఆకురాయి తగలట్లేదని తెలిసిపోతుంది. చివర్లో ఆకురాయిని అడ్డంగా రెండు చేతులా పట్టుకుని కత్తి పొడవునా లాగితే గీతలు పోయి చదునౌతుంది.

కొత్త_కొలిమి:
అన్నా, చాలా థాంక్స్. నేను నేరుగా తక్కువ కోణంలో మొదలుపెట్టాను, 45తో మొదలుపెట్టాలని తెలియదు. అంచుని ఆ 1 మి.మీ. కంటే ఇంకా పలచగా చేసి, అప్పుడు కత్తి మళ్ళీ గట్టిపడేలా ఎర్రగా కాల్చి నూనెలో ముంచొచ్చా?

ఉక్కు_పిచ్చి:
వద్దండి, అక్కడే ఆపండి. అంతకంటే పలచనైతే కాల్చి ముంచేటప్పుడు వంకర పోతుంది, పగలొచ్చు కూడా. అంచు దగ్గర అడ్డగీతలేమైనా ఉంటే ముందే 220 నంబరు ఉప్పుకాగితంతో పొడవునా రుద్ది తీసేయండి, పగులు అక్కడి నుంచే మొదలయ్యేది. ముంచడానికి నీళ్ళు కాదు, 50 డిగ్రీలకి వేడి చేసిన వంటనూనె. చల్లారిన వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు పెట్టండి, లేకపోతే కిందపడితే విరుగుతుంది. మిగతా పలచదనం ఆ తర్వాతే, నీళ్ళు పోసుకుంటూ సానరాయి మీద. నూనె డబ్బా ఇనుముదే ఉండాలి, మూత పక్కనే పెట్టుకోండి, ఈ ఒక్క పని మాత్రం బాల్కనీలో చేయకండి, ఊళ్ళో ఆ కొలిమి దగ్గరే చేయించండి.