చలికాలం ఉదయాల్లో కొత్త పిస్టల్ స్లైడ్ పూర్తిగా మూసుకోవడం లేదు

ప్రశ్న (పలాస, జీడిపప్పు వ్యాపారి):
జీడిపిక్కల కొనుగోలు కోసం ఉద్దానం పల్లెల్లో రొక్కంతో తిరగవలసి వస్తుంది కనుక, లైసెన్సు మంజూరైన తరువాత, గత శ్రావణంలో .32 బోరు సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొన్నాను. లోపం ఎవరిదో ఇంకా తేలలేదు కాబట్టి తయారీదారు పేరు చెప్పడం లేదు. అప్పట్లో విశాఖలోని రేంజ్‌లో 40 తూటాలు పేల్చితే ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఈ పుష్యమాసంలో పొద్దున్నే వెళ్తే, రెండవ తూటా ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే అరలోకి) వెళ్ళే సమయంలో స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగం, చివరి వరకూ రాకుండా నిలిచిపోయింది. బొటనవేలితో నెట్టి మూశాను. చిత్రమేమిటంటే, ఎండెక్కాక అదే పిస్టల్ చక్కగా పనిచేసింది. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) మార్చాలా, స్ప్రింగ్ మార్చాలా?

జవాబు (టెక్కలి, విశ్రాంత సైనికుడు):
ముందుగా ఒక మాట: సగంలో ఆగిన స్లైడ్‌ను ఇకపై వేలితో నెట్టకండి. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద లేకుండా, మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌ను కంటితో చూడాలి. ఇంతకూ మీరు ఏ నూనె వాడుతున్నారు?

ప్రశ్న అడిగినవారు:
మా తోట కాయలతో ఆడించిన కొబ్బరినూనె అండి. సముద్రపు గాలికి తుప్పు పట్టకూడదని ధారాళంగానే రాశాను.

జవాబు (టెక్కలి, విశ్రాంత సైనికుడు):
అనుకున్నంతా అయింది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. మీ ఇంట్లో సీసాను చూసినా తెలుస్తుంది. ఈ బోరు పిస్టళ్ళలో సాధారణంగా తూటా పేలిన ఒత్తిడికి దాని ఖాళీ తొడుగే స్లైడ్‌ను వెనక్కి నెడుతుంది, నొక్కుకుపోయిన స్ప్రింగ్ దానిని తిరిగి ముందుకు తెస్తూ మ్యాగజైన్‌లోని తరువాతి తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. ఆ దారిలో వెన్నలా పేరుకున్న నూనె ఉంటే స్ప్రింగ్ బలం చివరి కొసలో చాలదు. మొత్తం తుడిచివేసి, అసలైన గన్ ఆయిల్‌ను జారే చోట్ల మాత్రమే పలుచగా పూయండి. తూటాలకు మాత్రం అంటనీయకండి. నూనె లోపలికి ఊరితే అవి పేలకపోవచ్చు.

జవాబు (విజయనగరం):
పెద్దాయన మాటతో ఏకీభవిస్తూనే, కొత్త పిస్టల్‌కు 40 తూటాలు చాలా తక్కువ పరీక్ష అని చెప్పాలి. శుభ్రం చేశాక కూడా ఆగితే లైసెన్సు గల డీలరుకే చూపించండి. మరమ్మతుకూ ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి కనుక, ఎవరో ఆకురాయితో సరిచేస్తానంటే ఇవ్వకండి. ఇంట్లో దాచేటప్పుడు తోలు ఒరలో ఉంచవద్దు. మా ఇంట్లో రెండు వర్షాకాలాలకే, తోలు తగిలిన మేరంతా తుప్పు పట్టింది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న విప్పి చూస్తే స్లైడ్ గాడుల్లో తెల్లగా గడ్డకట్టి ఉంది. తుడిచి గన్ ఆయిల్ పూశాను. ఖాళీ పిస్టల్ స్లైడ్ తెల్లవారుజామున కూడా చివరి వరకూ మూసుకుంటోంది. తూటాలతో వచ్చే వారం రేంజ్‌లో చూస్తాను. తోలు ఒర సంగతి చదివి, పిస్టల్‌ను అందులోంచి ఇప్పుడే తీశాను.