కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీలోకి రావడం దొడ్డిదారేనా?

శాన్‌రామోన్_అమ్మ

రెండు రోజుల నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. మా పెద్దమ్మాయి హైస్కూల్ నాలుగేళ్ళూ బీ గ్రేడు ఎరగదు. తొమ్మిది ఏపీ సబ్జెక్టులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు). రాత్రి ఒంటిగంటకు నేను నీళ్ళకని లేస్తే దాని గదిలో లైటు వెలుగుతూనే ఉండేది. 2023లో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో బర్కిలీ రాలేదు, యూసీఎల్ఏ రాలేదు. రివర్‌సైడ్ వచ్చింది, అక్కడే చేరింది.

మా వీధిలోనే ఇంకో తెలుగు వాళ్ళ అబ్బాయి. అదే స్కూలు, అదే బ్యాచ్. చదువు మీద పెద్దగా ధ్యాస ఉండేది కాదు. ఇక్కడి డయాబ్లో వ్యాలీ అనే కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ స్థానిక కాలేజీ) రెండేళ్ళు చదివి, మొన్న ఏప్రిల్‌లో బర్కిలీ సీటు తెచ్చుకున్నాడు. వాడు బాగుపడితే నాకూ సంతోషమే, చేతిలో పెరిగిన పిల్లాడు. కానీ లెక్క చూడండి. 2023లో యూసీఎల్ఏకి ఫ్రెష్‌మన్ (హైస్కూల్ నుంచి నేరుగా మొదటి ఏట చేరేవాళ్ళ) దరఖాస్తులు 1.45 లక్షలు దాటాయి, సీటు ఇచ్చింది దాదాపు 9 శాతం మందికి. వేరే కాలేజీలో రెండేళ్ళు చదివి మూడో ఏట చేరే ట్రాన్స్‌ఫర్ వాళ్ళకో? దగ్గర దగ్గర నాలుగో వంతు మందికి ఇస్తున్నారు. పదిలో ఒకరికి కూడా తెరవని తలుపు పక్కనే నలుగురిలో ఒకరికి తెరిచే తలుపు పెడితే దాన్ని దొడ్డిదారి అనక ఏమంటారు? ఇద్దరు ఫ్రెష్‌మన్లకు ఒక ట్రాన్స్‌ఫర్‌ను చేర్చుకోవాలని యూసీ పెట్టుకున్న నిష్పత్తి తీసేసి, ఆ సీట్లు పన్నెండో తరగతి నుంచి వచ్చే పిల్లలకే ఇవ్వాలని నా వాదన. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

లెక్కల_పంతులు

అమ్మా, మీ అమ్మాయి కష్టం గురించి ఒక్క మాట తక్కువ చేయను. కానీ 9 శాతాన్నీ 25 శాతాన్నీ పక్కపక్కన పెట్టడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. నేను స్టాటిస్టిక్స్ చెప్పి బతికేవాణ్ణి, దీని మీద కాస్త చెప్పనివ్వండి.

శాతం అంటే పైనొక అంకె, కిందొక అంకె. మనం పైదే చూస్తున్నాం. కింద ఉన్నది ఎవరు? ఫ్రెష్‌మన్ గుంపులో తొమ్మిది క్యాంపస్‌లకూ ఒకే ఫారం మీద టిక్కు పెట్టేవాళ్ళందరూ ఉంటారు. 2021 నుంచి ఎస్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష మార్కులు అసలు చూడటం మానేశాక, వెనక్కి తగ్గేవాళ్ళు ఇంకా తగ్గారు. ట్రాన్స్‌ఫర్ గుంపు అలాంటిది కాదు. వాళ్ళు 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తి చేయాలి, ఇంగ్లీషు రాత కోర్సులు రెండు, లెక్కలు ఒకటి సహా కనీసం ఏడు నిర్ణీత కోర్సులు పాసవ్వాలి, మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) ముందస్తు కోర్సులు వేరే. కనీస జీపీఏ (4కి గ్రేడ్ల సగటు) కాగితం మీద 2.4 గానీ, యూసీఎల్ఏలో సీటొచ్చినవాళ్ళలో సగం మందికి పైగా 3.7 దాటినవాళ్ళే. జల్లెడ పట్టాక మిగిలిన బియ్యంలో రాళ్ళు తక్కువుంటాయి. అంతమాత్రాన జల్లెడే పట్టలేదనలేం.

ఈ మోసం కొత్తది కూడా కాదు, సాక్షాత్తూ బర్కిలీలోనే ఒకసారి జరిగింది. 1973లో అక్కడి గ్రాడ్యుయేట్ అడ్మిషన్లలో 8,442 మంది మగవాళ్ళు దరఖాస్తు చేస్తే 44 శాతం మందికి సీట్లొచ్చాయి, 4,321 మంది ఆడవాళ్ళలో 35 శాతం మందికే వచ్చాయి. పక్షపాతం కళ్ళకు కడుతోంది కదా? పీటర్ బికెల్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసరూ ఆయన సహచరులూ డిపార్ట్‌మెంట్ల వారీగా విడదీసి 1975లో ప్రచురించారు. విడదీసేసరికి ఆ తేడా చాలామటుకు మాయమైంది, కొన్నిచోట్ల తిరగబడింది కూడా. ఒక పెద్ద డిపార్ట్‌మెంట్‌లో మగవాళ్ళకు 62 శాతం అయితే ఆడవాళ్ళకు 82. జరిగిందేమిటంటే, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ ఉన్న శాఖలకే ఆడవాళ్ళు ఎక్కువగా దరఖాస్తు చేశారు. మొత్తం అంకె ఈ సంగతిని కప్పేసింది.

మీ లెక్కనూ అలాగే విడదీయండి. యూసీ ప్రతి ఏటా క్యాంపస్ వారీగా, మేజర్ వారీగా ట్రాన్స్‌ఫర్ అంకెలు బయటపెడుతుంది. కంప్యూటర్ సైన్స్ వరుస చూడండి. యూసీఎల్ఏలో మీరన్న పాతిక శాతం అక్కడ సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది. మన ఇళ్ళలో ఎక్కువమంది పిల్లలు నిలబడే క్యూ అదే. తలుపు వెడల్పుగా ఉన్నది వేరే మేజర్లకు.

ఇర్వైన్_నాన్న

పంతులు గారూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ మేడం గారు అడిగింది న్యాయం గురించి. హైస్కూల్లో ఏపీ కాలిక్యులస్‌లో తెచ్చుకున్న ఏ, కమ్యూనిటీ కాలేజీలో తీరిగ్గా తెచ్చుకున్న ఏ ఒకటేనా? మన ఎంసెట్ కఠినమే, కానీ ర్యాంకు ఎంతో, కటాఫ్ ఎంతో గోడ మీద రాసి ఉండేది. ఇక్కడ 13 అంశాలు చూస్తామంటారు, ఎవరికి దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పరు. నమ్మకం ఎలా కలుగుతుంది? 2020లో రాష్ట్ర ఆడిటరే చెప్పారు, నాలుగు క్యాంపస్‌లలో కలిపి 64 మందిని పరిచయాలతో, అర్హత లేకుండా చేర్చుకున్నారని. అందులో ఎక్కువ బర్కిలీవే.

లెక్కల_పంతులు

ఆ ఆడిట్ నిజం, సిగ్గుచేటు కూడా. కానీ అది డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళు చేసిన పని. కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కి 46 డాలర్లు కట్టి చదివే పిల్లాడి మీద దాన్ని రుద్దకండి. దొడ్డిదారి అన్న మాట వాడాల్సింది అక్కడే.

ఈసెట్_98

ఆ మాట చదవగానే చెయ్యి ఆగింది. నా సంగతి చెప్పక తప్పడం లేదు.

మాది ప్రకాశం జిల్లా. పదో తరగతి అయ్యాక ఇంటర్‌కి పంపే స్తోమత లేక నాన్న పాలిటెక్నిక్‌లో వేశారు, మూడేళ్ళలో ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుందని. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా వచ్చాను. ఏ కాలేజో చెప్పను. మొదటి రోజే మాకు ‘లాటరల్ బ్యాచ్’ అని పేరు పడింది. హాజరు పట్టీలో మా పేర్లు చివర్లో వేరే గీత గీసి రాసేవారు. ల్యాబ్‌లో గ్రూపులు కడితే మమ్మల్ని కలుపుకునేవాళ్ళు కాదు. ‘ఎంసెట్ రాయకుండా వచ్చారు’ అని ఒక మేష్టారు క్లాసులోనే అన్నారు. వర్క్‌షాపులో లేతు మీద మూడేళ్ళు చేయి కాల్చుకున్నవాళ్ళం మేము. మూడో సంవత్సరానికి మెషిన్ డ్రాయింగ్‌లో అనుమానాలొస్తే అందరూ మా దగ్గరికే వచ్చారు.

పదిహేడేళ్ళకు అందరి ఇంట్లో పరిస్థితులు ఒకలా ఉండవు మేడం. ఆ వయసులో చదువు మీద ధ్యాస లేని పిల్లాడికి పందొమ్మిదేళ్ళకు రావచ్చు. మీ వీధి అబ్బాయికి అదే జరిగి ఉండొచ్చు. ఆ రెండేళ్ళలో వాడి గదిలో లైటు ఎంతసేపు వెలిగిందో మనం చూడలేదు కదా.

డీఆంజా_నుంచి

ఆంటీ, అంకుల్స్, నేను ఆ ‘తలుపు’ లోంచి వచ్చినదాన్నే. డీ ఆంజా కమ్యూనిటీ కాలేజీలో చదివి ఇప్పుడు యూసీ డేవిస్‌లో ఉన్నాను. ‘తీరిగ్గా’ అన్న మాట నన్ను బాధపెట్టింది. అక్కడ చదువు ఎలా ఉంటుందో చెప్తాను.

మా కాలేజీ క్వార్టర్ పద్ధతి. పన్నెండు వారాల్లో కోర్సు అయిపోతుంది, మూడో వారానికే మిడ్‌టర్మ్. కాలిక్యులస్ నాలుగు భాగాలు, ఫిజిక్స్ నాలుగు భాగాలు, ఒకటి తప్పితే వెనకున్న వరుసంతా జరిగిపోతుంది. సీటు దొరక్క వెయిట్‌లిస్ట్‌లో ఉండి, మొదటి వారమంతా క్లాసు గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంకో చిక్కు, క్యాంపస్ క్యాంపస్‌కీ అడిగే కోర్సులు మారతాయి. బర్కిలీకి సరిపోయే వరుస శాన్‌డియాగోకి చాలదు. అసిస్ట్ వెబ్‌సైట్ తెరిచి ఒక పెద్ద అట్ట మీద గళ్ళు గీసుకుని ఏది ఎక్కడ చెల్లుతుందో రాసుకున్నాను. ఒక్క గడి తప్పు వేసినా ఇంకో ఏడాది.

గ్యారంటీ ఉంది కదా అంటారు, ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అని. అది ఆరు క్యాంపస్‌లకే: డేవిస్, ఇర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. వాటిలో ఒక్కదాన్నే ఎంచుకోవాలి, సెప్టెంబరు నెలలోనే పెట్టాలి. బర్కిలీ, యూసీఎల్ఏ ఇవ్వవు. శాన్‌డియాగో ఒకప్పుడు ఇచ్చేది, 2014 నుంచి మానేసింది. శాంటా బార్బరాలో ఇంజనీరింగ్‌కు అది వర్తించదు.

చివరికి వచ్చినవాళ్ళం కనిపిస్తాం, రానివాళ్ళు కనిపించరు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ఆడిటర్ ఇచ్చిన రిపోర్టు చూడండి. ట్రాన్స్‌ఫర్ అవ్వాలని కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్ళలో నాలుగేళ్ళలోపు ఏదో ఒక యూనివర్సిటీకి వెళ్ళగలిగింది అయిదుగురిలో ఒక్కరు. ఒక్కరే! నాతో కాలిక్యులస్ మొదలుపెట్టిన నా స్నేహితురాలు పగలు కిరాణా దుకాణంలో పని, సాయంత్రం క్లాసు. మూడో క్వార్టర్‌కి షిఫ్టు మార్చారు, క్లాసు వదిలేసింది. ఆంటీ చెప్పిన పాతిక శాతం లెక్కలో ఆమె లేదు. దరఖాస్తు దాకా రాలేదు కాబట్టి.

శాన్‌రామోన్_అమ్మ

తల్లీ, నీ మాట చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. 9కీ 25కీ పోలిక పెట్టడం తప్పే, ఒప్పుకుంటున్నాను. దొడ్డిదారి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నా ప్రశ్న పూర్తిగా పోలేదు. మా అమ్మాయి రివర్‌సైడ్ నుంచి బర్కిలీకి మారాలని చూసింది. యూసీలోనే ఒక క్యాంపస్ నుంచి ఇంకో క్యాంపస్‌కి. అక్కడ తెలిసిందేమిటంటే, ట్రాన్స్‌ఫర్లలో మొదటి వరుస కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల వాళ్ళది, యూసీ పిల్లలు వాళ్ళ తర్వాతే. యూసీలో సీటు రాకుండా ఉంటేనే బర్కిలీకి దగ్గరగా ఉండేదా? రివర్‌సైడ్‌కి సరే అనడమే అది చేసిన తప్పా? దీనికి ఎవరైనా సమాధానం చెప్పండి.

లెక్కల_పంతులు

ఇది మంచి ప్రశ్న, లెక్కతో తీరేది కాదు. చరిత్రలోకి వెళ్ళాలి.

1960లో క్లార్క్ కెర్ యూసీ ప్రెసిడెంటుగా ఉండగా రాష్ట్ర ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ తయారైంది, గవర్నర్ పాట్ బ్రౌన్ చట్టం చేశారు. అంతకుముందు హైస్కూల్ పట్టభద్రుల్లో పైనున్న 15 శాతం దాకా యూసీకి అర్హులయ్యేవారు. ప్లాన్ దాన్ని ఎనిమిదో వంతుకు, అంటే 12.5 శాతానికి కుదించింది. ముందు తలుపు కావాలనే చిన్నది చేసి, మిగతా పిల్లలకు ‘కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు నిరూపించుకోండి, మూడో ఏట చోటిస్తాం’ అని రాష్ట్రం మాటిచ్చింది. ఇద్దరికి ఒకరు అన్న నిష్పత్తి ఆ మాటకు అంకె రూపం. ఆ సీట్లు ఫ్రెష్‌మన్లకు ఇచ్చేస్తే 1960లో కుదించిన సగాన్ని ఉంచుకుని, మాటిచ్చిన సగాన్ని ఎగ్గొట్టినట్టే. మీ అమ్మాయి ముందు తలుపులోంచే లోపలికి వచ్చింది కాబట్టి ఆ మాట ఆమె విషయంలో చెల్లిపోయిందని యూనివర్సిటీ చూపు.

ఇర్వైన్_నాన్న

1960లో క్యాంపస్‌ల మధ్య ఇంత ఎత్తుపల్లాలు లేవు పంతులు గారూ. మర్సెడ్ తెరిచిందే 2005లో. ‘యూసీలో చోటిచ్చాం కదా’ అనడానికీ, పిల్ల కోరుకున్న చోటు ఇవ్వడానికీ మధ్య ఇప్పుడు చాలా దూరం ఉంది. ట్రాన్స్‌ఫర్ సీట్లు తీసేయమనడం తప్పని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. కానీ క్యాంపస్‌ల మధ్య మారడానికి వేరుగా కొన్ని సీట్లు ఉండాలన్న మాట మీద నేను కదలను.

ఈసెట్_98

ఆ మాటకు నేనూ ఓటేస్తాను. కానీ వాటిని కమ్యూనిటీ కాలేజీ పిల్లల కంచంలోంచి తీయకూడదు. సీట్లు పెంచి ఇవ్వాలి. యూసీలో కొత్తగా చేరే ట్రాన్స్‌ఫర్లలో పదింట తొమ్మిది వంతుల మంది ఆ కాలేజీల నుంచి వచ్చినవాళ్ళే, ఆ దారి సన్నబడితే పోయేది వాళ్ళే.

డీఆంజా_నుంచి

ఆంటీ, అక్క ఏ మేజర్? రివర్‌సైడ్‌లో రెండేళ్ళు అయ్యాయి కాబట్టి ఇంకో క్యాంపస్‌లో క్లాసులు తీసుకునే అవకాశాలు ఏమున్నాయో అక్కడి కౌన్సెలర్‌ని అడగమనండి. మారకపోయినా మాస్టర్స్‌కి బర్కిలీ దారి మూసుకుపోదు.

శాన్‌రామోన్_అమ్మ

బయాలజీ అమ్మా. ఈమధ్య అక్కడ ఒక ల్యాబ్‌లో చేరింది, పోయినవారం ఫోన్ చేసి ఏదో ఈగల మీద ప్రయోగం గురించి గంటసేపు చెప్పింది. బర్కిలీ ఊసే ఎత్తలేదు. ఇంకా ఆ ఊసు వదలనిది నేనేనేమో.

చిన్నవాడు ఇప్పుడు పదో తరగతి. వాడికి లెక్కలంటే భయం, మోటారు విప్పి బిగించడమంటే ఇష్టం. శనివారం ఆ అసిస్ట్ వెబ్‌సైట్ తెరిచి వాడితో కూర్చుంటాను. గళ్ళు ఎలా గీశావో ఆ అట్ట ఫోటో ఉంటే పెట్టగలవా?

డీఆంజా_నుంచి

ఆ అట్ట ఇంట్లో మంచం కింద ఉంది ఆంటీ. అమ్మకి ఫోన్ చేసి ఫోటో తీయమంటాను, రేపటికల్లా పెడతాను.