ఈ తెల్ల పురుగు పెంకు పురుగు పిల్లా, ఈగ పిల్లా?

అడవిలో పడిపోయిన ఒక పాత దుంగ మీద నిన్న రెండు పురుగులు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి పొడవాటి మీసాలున్న పెంకు పురుగు, రెండోది పసుపు చారలతో అచ్చం కందిరీగలా ఉంది, భయపడి వెనక్కి జరిగాను కూడా, తీరా చూస్తే రెండే రెక్కలు, అంటే ఈగ! (కందిరీగకైతే నాలుగుంటాయి కదా.) ఈగకు వెనక రెక్కలు గుండుసూది తలల్లా చిన్నగా మారి ఎగిరేటప్పుడు బ్యాలెన్స్‌కి పనికొస్తాయని, పెంకు పురుగుకేమో ముందు రెక్కలే గట్టి డిప్పలుగా మారతాయని చదివాను, అక్కడి వరకు ఓకే.

నా గోలంతా పిల్ల పురుగుల గురించి. ఆ దుంగ బెరడు కింద తెల్లటి పురుగొకటి ఉంది, కాళ్లు కనిపించలేదు. కాళ్లు లేవంటే ఈగ పిల్లే అనుకున్నాను, కానీ పొడవు మీసాల పెంకు పురుగు పిల్లలకూ కాళ్లు దాదాపు ఉండవట, పైగా ఈ చారల ఈగల్లో కొన్ని కూడా కుళ్లిన చెక్కలోనే పెరుగుతాయట. మరి తేడా ఎలా పట్టాలి? గోధుమ రంగు తల, గట్టి దవడలు ఉంటే పెంకు పురుగే అని ఖాయం చేసుకోవచ్చా? ఫోటో సరిగ్గా రాలేదు, దాన్ని మళ్లీ బెరడు కిందే పెట్టేశాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.