లువాను సి++ అనువర్తనంలో కలపడం: ఎక్స్‌టర్న్ "సి" చాలా, లువానే సి++గా కంపైల్ చేయాలా?

ఇంజిన్_పని:
సి++లో రాసిన ఆట ఇంజిన్‌కు సిలో రాసిన స్క్రిప్టింగ్ భాష లువా 5.4ను జోడిస్తున్నాను. కంపైలేషన్ సాఫీగా జరిగినా, కంపైలైన ముక్కలను కలిపే లింకర్ మాత్రం "లువాఎల్_న్యూస్టేట్()" దొరకలేదంటూ ఆగిపోతోంది. హెడర్‌ను ఎక్స్‌టర్న్ "సి"లో (పేర్లను సి పద్ధతిలోనే ఉంచమనే సూచనలో) పెడితే చాలని కొందరు, లువా మూలాన్నే సి++గా కంపైల్ చేయాలని కొందరు అంటున్నారు. ఏది మేలు?

పాత_సి_పక్షం:
పేరు చివర బ్రాకెట్లు కనిపిస్తున్నాయంటే, మీ కోడ్ ఆ ఫంక్షన్‌ను సి++ మార్చేసిన పేరుతో వెతుకుతోందని అర్థం. సిగా కంపైలైన లైబ్రరీలో ఆ పేరు ఉండదు. లువా.హెచ్‌కు బదులు లువా.హెచ్‌పీపీని చేర్చండి, ఎక్స్‌టర్న్ "సి" అందులోనే ఉంది. ఆ తరువాత కూడా అదే తప్పు బ్రాకెట్లు లేకుండా వస్తే, ఆదేశంలో లువా లైబ్రరీని మీ ఆబ్జెక్ట్ ఫైళ్ల వెనక్కు జరపండి. ఒక్క వరుసతో తీరే పనికి లువాను మళ్లీ కంపైల్ చేయడం దండగ.

డిస్ట్రక్టర్_వాది:
లింకర్ నోరు మూయించడమే లక్ష్యమైతే అది చాలు. కానీ సిగా కంపైలైన లువా, లోపం ఎదురైనప్పుడు లాంగ్‌జంప్‌తో మధ్యలోని ఫంక్షన్లను దాటేసి వెనక్కు దూకుతుంది. లువా నుంచి పిలిచే మీ బైండింగ్ ఫంక్షన్‌లో ఒక స్ట్రింగ్‌నో లాక్‌నో సృష్టించిన తరువాత లువాఎల్_ఎర్రర్‌ను పిలిస్తే, దాన్ని శుభ్రం చేసే డిస్ట్రక్టర్ నడుస్తుందన్న హామీ సి++ ప్రమాణంలో లేదు. మెమరీ లీక్ కావచ్చు, లాక్ పడింది పడ్డట్టే ఉండిపోవచ్చు. సి++గా కంపైల్ చేసిన లువా అదే చోట ఎక్సెప్షన్ విసురుతుంది, డిస్ట్రక్టర్లు వరుసగా నడుస్తాయి. అప్పుడు మాత్రం లువా.హెచ్‌నే నేరుగా చేర్చాలి, లేకుంటే ఇదే లింకర్ తప్పు తిరగబడి వస్తుంది. మూలం ఫైళ్లన్నీ ప్రాజెక్టులో వేసేటప్పుడు లువా.సి, లువాక్.సి వదిలేయండి, రెండింటిలోనూ ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ ఉంది.

పాత_సి_పక్షం:
లాక్ విషయం ఒప్పుకుంటాను. అయితే బయట దొరికే సి మాడ్యూళ్లు లువా_గెట్‌టాప్ వంటి వాటిని సి పేర్లతోనే వెతుకుతాయి కదండీ, అవి మీ పద్ధతిలో లోడ్ కావు.

డిస్ట్రక్టర్_వాది:
నిజమే, అందుకే నేను లువాకాన్ఫ్.హెచ్‌లో లువా ఫంక్షన్ల ప్రకటనల ముందు వచ్చే లువా_ఏపీఐ మాక్రో నిర్వచనాన్ని ఎక్స్‌టర్న్ "సి"గా మార్చి, మూలాన్ని సి++గా కంపైల్ చేస్తాను: పేర్లు సివి, లోపాలు ఎక్సెప్షన్లు. లినక్స్‌లో లువాను స్టాటిక్‌గా కలిపితే, ఆ పేర్లు మాడ్యూళ్లకు కనబడేలా లింకర్‌కు ఎక్స్‌పోర్ట్-డైనమిక్ ఐచ్ఛికం ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాడేవారు ఎక్సెప్షన్ల ఐచ్ఛికం ఈహెచ్ఎస్‌సీని ఈహెచ్ఎస్‌గా మార్చుకోవాలి. మొదటిది, ఎక్స్‌టర్న్ "సి" ఫంక్షన్లు ఎక్సెప్షన్ విసరవనే అనుకుంటుంది.